ముందు వరుస డబ్బాలు

తులసిని ట్రస్టీగా ఎన్నుకున్నది ఆమె తెలివి చూసి కాదు, ఆమె భయం చూసి.

డర్బన్ శివారు మొబేనిలో చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ అది. రెండొందల పైచిలుకు ఆడవాళ్ళు. ఏళ్ళ తరబడి వాళ్ళ జీతం చీటీలో పెన్షన్ కింద కొంత కోత పడుతూనే ఉండేది. ఆ డబ్బు ఎక్కడికి పోతోందో, ఎవరి చేతిలో ఉందో అడిగిన పాపాన ఎవరూ పోలేదు. కొత్త ప్రభుత్వం వచ్చాక, ఆ ఫండు గురించి తీర్మానాలు చేసే బల్ల దగ్గర సగం కుర్చీలు పనివాళ్ళకే ఇవ్వాలన్నారు. మధ్యాహ్నం కాంటీన్లో పేర్లు అడిగితే హేజెల్ లేచి నిలబడింది. హేజెల్‌ది తులసి పక్క మిషను. ఇరవై రెండేళ్ళుగా ఆమె చొక్కా చేతులు కుడితే ఈమె కాలర్లు కుడుతోంది.

"మన డబ్బుకి కాపలా కావాలంటే తులసిని పెట్టండి," అంది హేజెల్. "ఇంటికి తాళం వేసి బస్‌స్టాపు దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి పోయి గేటు లాగి చూసుకునే మనిషి. ఇస్త్రీపెట్టె ఆపానో లేదో అని మేనేజరు ఫోనులోంచి పక్కింటికి ఫోన్ చేసిన మనిషి. ఈమె గుప్పిట్లోంచి సెంటు జారదు."

"ఎలక్షను టిన్నుల తులసి," అని వెనకనుంచి ఎవరో అందించారు. కాంటీనంతా ఘొల్లుమంది.

ఆ పేరు ఊరికే రాలేదు. తొంభై నాలుగు ఏప్రిల్లో, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ అందరూ మొదటిసారి కలిసి వేసే ఓట్లకి ముందు, దేశం తగలబడిపోతుందని తులసి నలభై టిన్నుల చేపలు, రెండు బస్తాల బియ్యం, ఒక పెట్టె కొవ్వొత్తులు కొని మంచం కింద దాచింది. తీరా ఓట్ల రోజు జనం క్యూలో నిలబడి కబుర్లు చెప్పుకుని, వేలికి గుర్తు వేయించుకుని ఇళ్ళకి పోయారు. ఆ చేపలు తినలేక రెండేళ్ళు తిన్నారు. కూతురు యాషికా టిన్ను తెరిచినప్పుడల్లా, "ఇదిగో మా, ఇంకో అల్లరి మూక వచ్చింది," అనేది.

అప్పటినుంచీ తులసికి తన భయం మీద తనకే నమ్మకం సడలింది. భయం పోలేదు. భయపడుతున్నానని బయటికి చెప్పడం సిగ్గయిపోయింది, అంతే.

ఆ బల్ల దగ్గర ఆరుగురు. కంపెనీ తరపున ముగ్గురు, పనివాళ్ళ తరపున ముగ్గురు. పెద్దరికం వహించేది ఎకౌంట్లు చూసే కృష్ణన్. తమిళులబ్బాయి, తులసిని అక్కా అని పిలుస్తాడు. రెండో సమావేశానికి డర్బన్ నగరంలోంచి మోరిస్ అనే సలహాదారుణ్ణి పిలిపించాడు. మోరిస్ అందరి ముందూ తలో కాగితాల కట్టా పెట్టాడు. మీద హార్వెస్ట్‌వే అని పెద్దక్షరాలు, పక్కన ఆకుపచ్చ బుట్ట బొమ్మ. ఫీనిక్స్‌లో తులసి ఇంటికి నాలుగు వీధుల అవతల ఉన్న సూపర్‌మార్కెట్టు కూడా ఆ కంపెనీదే. యాషికా అక్కడే బిల్లులు కొడుతుంది.

"ఫండులో నాలుగో వంతు ఇందులో పెట్టమని నా సలహా," అన్నాడు మోరిస్. "కొంత షేర్లుగా, కొంత అప్పుగా. మీకు కావలసింది గుర్రప్పందెం కాదు, నెమ్మదిగా పాలిచ్చే ఆవు. రోజులు బాగుండకపోతే మనిషి చొక్కా కొనడం మానేస్తాడు. రొట్టె కొనడం మానడు."

చొక్కాలు కుట్టేవాళ్ళకి ఆ మాట చురుక్కుమంది. కాదనడానికి లేదు. బయటి దేశాల చొక్కాలు సగం ధరకి ఓడల్లో దిగుతున్నాయి. ఆ ఏడే మూడో లైను మిషన్లకి గుడ్డలు కప్పేశారు.

తులసి ఆరో తరగతితో బడి మానేసింది. ఇంగ్లీషు కాగితంలో వాక్యాలు ఆమెకి కొరుకుడు పడవుగాని, అంకెలు పడతాయి. వేలు పెట్టి చదువుకుంటూ పోయింది. అమ్మకాల గీత ఏటవాలుగా పైకి పోతూ ఒకచోట గభాలున ఎగిరింది.

"ఇక్కడెందుకు ఇలా ఎగిరింది?"

"తొంభై నాలుగు అది, మేడమ్. కొత్త దేశం మీద జనానికి కుదిరిన నమ్మకం."

అది నమ్మకం కాదని తులసికి తెలుసు. ఆ గీతలో తన మంచం కింది నలభై టిన్నులున్నాయి. పక్కింటివాళ్ళవీ, ఎదురింటివాళ్ళవీ ఉన్నాయి. భయపడి కొన్నవాళ్ళందరినీ కలిపి ఈయన నమ్మకం అని గీత గీశాడు. ఆ మాట ఎలా చెప్పడం? చెబితే మళ్ళీ ఎలక్షను టిన్నుల కథ.

రెండు కాగితాలు తిప్పి ఇంకో అంకె దగ్గర ఆగింది. "ఇది ముప్ఫై ఉండేది, డెబ్భై అయింది. ఏమిటిది?"

"సరుకు దింపినవాళ్ళకి ఎన్నాళ్ళకి డబ్బు కడతారో ఆ రోజుల లెక్క."

"అంటే ఆలస్యంగా కడుతున్నారా?"

"బలవంతులు మేడమ్. పెద్ద షాపు ఆగమంటే చిన్న వ్యాపారి ఆగుతాడు. ఊరికే వచ్చిన అప్పు అది, వడ్డీ లేదు."

"మంచి గుర్తే అక్కా," అన్నాడు కృష్ణన్.

తులసి నాయన క్లెయిర్‌వుడ్‌లో కాయగూరల తోట వేసేవాడు, ఆ నేల ఫ్యాక్టరీల పాలు కాకముందు. రేపిస్తాను ఎల్లుండిస్తానన్న షాపులో మూడోసారి ముల్లంగి కట్ట కూడా దించేవాడు కాదు. 'బలమున్నోడు బాకీ పెట్టడమ్మీ. బాకీ పెట్టేవోడికి బలముండదు,' అనేవాడు. ఆ మాట తులసి నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. కోటు వేసుకున్నవాళ్ళ ముందు ముల్లంగి మాట ఎలా తీస్తుంది?

ఆమె ముఖం చూసి మోరిస్ నవ్వాడు. "నా కాగితాలు నచ్చకపోతే మీరే షాపుకి వెళ్ళి చూసి రండి. నెల టైముంది. కానీ ఇక్కడి మాట ఈ గది దాటకూడదు. దాటితే షేరు ధర కదులుతుంది, కోర్టుల గొడవ అవుతుంది." అందరిచేతా ఒక కాగితం మీద సంతకాలు పెట్టించాడు. కోర్టు అన్న మాటకి తులసి సంతకం వంకర పోయింది.

శనివారం పొద్దున్నే, షాపు తలుపులు తీయగానే వెళ్ళింది. చూడ్డానికి షాపు పెళ్ళివారిల్లులా ఉంది. నెలాఖరు జనం, తళతళలాడే దీపాలు, షెల్ఫులనిండా సరుకు. తులసికి ప్రాణం కాస్త కుదుటపడింది. నాదే పాడు అనుమానం, అనుకుంది.

టిన్నుల వరసలోకి వచ్చింది. చేపల టిన్నులు బడిపిల్లల్లా వరసగా, ముఖాలన్నీ ఇటు తిప్పి ఉన్నాయి. ఇన్నేళ్ళు కాలర్లు కుట్టిన చెయ్యి ఊరుకుంటుందా. ఏ గుడ్డ చేతికొచ్చినా తిప్పి లోపలి కుట్టు చూడందే కింద పెట్టని చెయ్యి అది. రెండు టిన్నుల నడుమ వేళ్ళు దూర్చింది. వెనక ఇంకో టిన్ను తగలాలి. తగల్లేదు. మోచేతిదాకా పోనిచ్చింది. చల్లటి రేకు తగిలింది. షెల్ఫు వెనక గోడ.

పక్క షెల్ఫు చూసింది. బీన్సు టిన్నులు ఒకే వరస, వెనక ఖాళీ. ఆ పక్కన టీపొడి, అదీ అంతే. కింద అరలో బియ్యం సంచులు నాలుగు, వాటి వెనక ఉత్త అట్టపెట్టెలు బోర్లించి ఉన్నాయి. అనుమానం రాకుండా ఒక చేపల టిన్ను తీసి బుట్టలో వేసుకుంది. పన్ను ఊడినట్టు అక్కడ సందు పడింది. ఆకుపచ్చ ఏప్రను కట్టుకున్న పిల్ల ఎక్కణ్ణుంచో వచ్చి, అటు టిన్ను ఇటు టిన్ను కొంచెం కొంచెం జరిపి, సందు కనబడకుండా చేసి వెళ్ళిపోయింది.

బిల్లు దగ్గర యాషికా తల్లి బుట్ట చూసి, "ఒక్క టిన్నేనా మా? ఈసారి యుద్ధం చిన్నదా?" అంది. పక్క సీటు ఖాళీ. దాని పక్కదీ ఖాళీ. తొమ్మిదింట్లో నాలుగే నడుస్తున్నాయి.

ఆ సాయంత్రం ఆ టిన్నే చింతపండు పులుసు పెట్టింది. యాషికా షిఫ్టు దిగి వచ్చి, మూడేళ్ళ కూతురు సోనీని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అన్నం కలుపుతోంది. సోనీ తండ్రి పనికని జోబర్గ్ నగరం వెళ్ళి రెండేళ్ళయింది. ఉత్తరం లేదు, పైసా లేదు.

"మీ షాపులో టిన్నులన్నీ ముందు వరసే ఉన్నాయే," అంది తులసి, ఏమీ ఎరగనట్టు.

"చూశావా? నీ కంటికి ఏదీ దాగదు," అని యాషికా నవ్వింది. "మూసేముందు గంటసేపు అందరికీ అదే పని, టిన్నులు ముందుకి లాగడం. నాతో బిల్లులు కొట్టే షర్లీ దానికి పళ్ళసెట్టు అని పేరు పెట్టింది. బయటికి నవ్వు, లోపల ఉత్త చిగుళ్ళు. వెనక సరుకుల గదిలో ఇప్పుడు పెళ్ళి చెయ్యొచ్చు, అంత ఖాళీ."

"రొట్టెలు బాగానే ఉన్నాయి మరి."

"రొట్టెల డ్రైవరు చేతిలో నోట్లు పడితేగాని బండి తలుపు తీయడు. అందుకని అవి వస్తున్నాయి."

తులసి గరిటె కింద పెట్టింది. "అయితే మీ ఉద్యోగాలు?"

"ఏదో పెన్షన్ ఫండు పెద్ద మొత్తం పెడుతోందట. అది వస్తే సరుకొస్తుంది, షాపు నిలబడుతుంది. రాకపోతే ముందు మూసేది ఫీనిక్సేనని మేనేజరు చెప్పాడు." యాషికా సోనీ నోట్లో ముద్ద పెట్టింది. "ఎవరో ఏమో, ఆ ఫండు వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి."

తులసి వెనక్కి తిరిగి పొయ్యి ఆపింది. ఆపిన పొయ్యిని మళ్ళీ తిప్పి చూసింది, మళ్ళీ చూసింది.

ఆ తరవాతి మూడు వారాలు ఆమెకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. కూతురి ఉద్యోగం పోవడం ఆమెకి కళ్ళకి కట్టినట్టు కనబడేది. పగలు సోనీని చూసుకునే క్రెష్‌కి డబ్బు కట్టలేకపోవడం, కరెంటు కోసేసిన వంటిల్లు, యాషికా కూడా పిల్లని తన మీద వదిలేసి జోబర్గ్ బస్సెక్కడం, ఆ బస్సు నంబరుతో సహా కనబడేది. ఫండు మునగడం మాత్రం కనబడేది కాదు. అదొక గీత, ఒక అంకె. అంకెకి ఆకలెయ్యదు, ఏడవదు. శుక్రవారం దీపం పెట్టి చేతులు జోడించింది గాని దేవుణ్ణి ఏమడగాలో తెలియలేదు. షాపు నిలబడాలని అడిగితే ఫండుని బలిచ్చినట్టు, ఫండు బతకాలని అడిగితే కూతుర్ని ఇచ్చినట్టు. గోవిందా అని మాత్రం అని లేచింది.

ఆలోచించగా ఆలోచించగా ఒక సందు దొరికింది. డబ్బు పడితే సరుకొస్తుందని కదా మేనేజరు అన్నాడు. సరుకొస్తే జనం కొంటారు. జనం కొంటే షాపు నిలుస్తుంది, షాపు నిలిస్తే ఫండు నిలుస్తుంది. నేను చూసింది జబ్బు, చావు కాదు. మందేస్తే తగ్గుతుంది. పోయినసారీ దేశం తగలబడుతుందన్నాను, ఏమైంది? నలుగురి నోళ్ళలో పడ్డాను. భయాన్ని ఒకసారి నమ్మి నవ్వులపాలయ్యాను, ఈసారి నమ్మను, అని గట్టిగా అనుకుంది. నమ్మననుకున్నదీ భయంతోనేనని అప్పుడు తెలిసిరాలేదు.

సమావేశానికి రెండు రోజుల ముందు, టీ బెల్లు కొట్టాక, హేజెల్ మిషను మీద మోచేతులానించి అడిగింది. "నీతో ఒక మాట. డిసెంబరుకి నాకు యాభై ఎనిమిది. ఇప్పుడు వెళ్ళిపోతే ఉన్నదంతా చేతిలో పెడతారు. ఇంకో ఏడాదిన్నర ఆగితే కొంత పెరుగుతుందట. వాన పడితే మా వెంట్‌వర్త్ ఇంట్లో మూడు బకెట్లు పెడుతున్నాను, కప్పు వేయించాలి. వెళ్ళనా, ఆగనా? బల్ల దగ్గర కూర్చునేదానివి, నువ్వు చెప్పు."

వెళ్ళిపో అంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే సంతకం పెట్టిన కాగితం ఉంది. ఆ మాట మిషను మిషనూ దాటి కృష్ణన్ చెవిన పడుతుంది. డబ్బు ఆగిపోతుంది. షాపు మూసేస్తారు.

"ఆగు," అంది తులసి.

"భయం లేదంటావా?"

"జనం తిండి మానరు కదా." మోరిస్ మాట తన నోట్లోంచి రావడం తనే విన్నది.

హేజెల్ పకపకా నవ్వింది. "నీ నోట భయం లేదన్న మాట వినడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. ఇంక ఆగుతాను."

సమావేశంలో మోరిస్ కాగితాలు సర్దుకుంటూ, "మేడమ్ షాపు చూశారా?" అన్నాడు. పనివాళ్ళ తరపున కూర్చున్న మిగతా ఇద్దరూ తులసి ముఖంలోకి చూశారు. వాళ్ళకి కాగితం లెక్క కాదు, ఆమె ముఖమే లెక్క.

"చూశాను."

"ఎలా ఉంది?"

"షెల్ఫులు నిండుగా ఉన్నాయి," అంది తులసి.

"ఇంకేం కావాలి," అన్నాడు కృష్ణన్. "తులసక్కే ధైర్యం చెప్పిందంటే ఇంక బ్యాంకు తాళం అక్కర్లేదు." అందరూ నవ్వారు. ఆరు చేతులు లేచాయి.

డబ్బు పడ్డాక రెండు నెలలు షాపు నిజంగానే కళకళలాడింది. యాషికాకి ఓవర్‌టైము ఇచ్చారు. తులసి వారం వారం వెళ్ళి షెల్ఫులో చెయ్యి పెట్టి చూసేది. వెనక రెండో వరస తగిలేది, ఒకసారి మూడో వరస కూడా తగిలింది. ఆ రోజు ఇంటికి పోయి ఏళ్ళ తరవాత పాయసం వండింది. మూడో నెలలో మళ్ళీ రేకు తగిలింది. వచ్చిన డబ్బు సరుకుకి కాదు, పాత బాకీలకి పోయిందని యాషికా చెప్పింది. బాకీ వసూలైనవాళ్ళు మళ్ళీ సరుకు దింపలేదు. నాయన చెప్పినట్టే.

ఏడాది తిరక్కుండా ఒక మంగళవారం యాషికా పనికి వెళ్ళి పది గంటలకి తిరిగొచ్చింది. తలుపులకి గొలుసు వేసి కాగితం అంటించారట. ఏప్రను మడిచి బల్ల మీద పెట్టింది. "పెన్షన్ ఫండు వాళ్ళనీ ముంచారు పాపం," అంది. తులసి టీ పెట్టింది. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి, చక్కెర చాలా అని అడిగింది. మూడు నెలలు వెతికి, దొరక్క, యాషికా జోబర్గ్ బస్సెక్కింది. సోనీ తులసి దగ్గర ఉండిపోయింది. తులసి అనుకున్న బస్సే.

ఫండులో ఆ నాలుగో వంతు తుడిచిపెట్టుకుపోయింది. ఫ్యాక్టరీలో ఎవరూ తులసిని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. "తులసిలాంటిదానికే తెలియలేదంటే ఇంకెవరికి తెలుస్తుంది," అని తమలో తాము సర్దిచెప్పుకున్నారు. మోరిస్ తరవాత కనబడలేదు. మళ్ళీ ట్రస్టీల ఎన్నికలొచ్చినప్పుడు తులసి పేరే చెప్పారు. వద్దంటే, "చూశారా, ఎంత భయమో," అని నవ్వి మళ్ళీ ఆమెనే ఎన్నుకున్నారు.

హేజెల్ రిటైరయ్యాక ఒక ఆదివారం తులసి వెంట్‌వర్త్ వెళ్ళింది. సోనీని పక్కింట్లో వదిలి, రెండు బస్సులు మారి. హేజెల్ ముందు గదిలో పాత మిషను పెట్టుకుని స్కూలు చొక్కాలు కుడుతోంది. మిషను పక్కనే బకెట్టు. కప్పు అలాగే ఉంది.

"కూర్చో," అంది హేజెల్, కాలు ఆపకుండా. "ఈ కాలరు చూడు, నీ చేతికి నచ్చుతుందేమో."

తులసి కాలరు తిప్పి లోపలి కుట్టు చూసింది. బాగుంది. ముందెంతో వెనకా అంతే. దాన్ని చేతిలో పట్టుకునే అంది. "హేజెల్, ఆ షాపులో షెల్ఫు వెనక్కి నేను చెయ్యి పెట్టి చూశాను. వెనక ఏమీ లేదు. ఒక్క వరసే."

మిషను ఆగింది.

"ఎప్పుడు?"

"బల్ల దగ్గర మేం చేతులెత్తకముందు."

హేజెల్ సూది దగ్గర దారం తెంపింది. "నేను నిన్ను ఆగనా వెళ్ళనా అని అడిగాను చూడు. దానికి ముందా, తరవాతా?"

అబద్ధం చెప్పడానికి ఇంకా ఒక్క క్షణం ఉంది. తులసికి తెలుసు.

"ముందే," అంది. "యాషికా ఉద్యోగం పోతుందని..."

"పోలేదా?"

హేజెల్ చెయ్యి చాచి తులసి చేతిలోంచి కాలరు తీసుకుంది. మడతలు సాపు చేసి, సూది కింద పెట్టింది.

"రేపటికి పన్నెండు ఇవ్వాలి," అంది. "గేటు దగ్గరికి వేసి వెళ్ళు. కుక్కలొస్తాయి."

తులసి బయటికి వచ్చి గేటు వేసింది. గొళ్ళెం పెట్టింది. సగం దూరం నడిచాక పడిందో లేదో అని అనుమానం వచ్చింది. వెనక్కి వచ్చి లాగి చూసింది. పడే ఉంది. లోపల మిషను నడుస్తోంది. హేజెల్ కిటికీలోంచి చూస్తుందేమోనని కాసేపు నిలబడింది. మిషను ఆగలేదు.